పెళ్లి ఊరికి గంట ప్రయాణం

బస్సు పైకప్పులో ఎక్కడో ఏసీ బ్లోయరు బేరింగు అరిగిపోయింది. పాతికమంది కూర్చున్న బస్సులో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. మిగతావాళ్లకి అది చల్లగాలి చప్పుడు. అతనికి మాత్రం చెవిలో చీపురుపుల్ల పెట్టి తిప్పుతున్నట్టుంది, కీచుమంటుంది, సర్దుకుంటుంది, ఇక పోయిందిలే అనుకునేలోపు మళ్లీ కీచుమంటుంది. ముప్పై ఏళ్లుగా కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టుకుంటూ బతికేవాడికి కళ్లకి పెట్టినట్టే చెవులకి కూడా రెప్పలు పెట్టి ఉండాల్సింది దేవుడు. డ్రైవరుకి చెప్తే? ఏ భాషలో చెప్తావు, చెప్పినా గంటలో వాడేం మారుస్తాడు. గంట. గంటలో చేరిపోతామని పాస్టరు అయ్యగారు మైకులో చెప్పి ఐదు నిమిషాలు కాలేదు. ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేసిన పెళ్లి జరిగిన ఊరు. అక్కడి చర్చిలో భార్యాభర్తలు జంటగా నిలబడి పెళ్లినాటి ప్రమాణాలు మళ్లీ చేస్తారట, యాత్రకొచ్చిన ప్రతి గుంపూ చేస్తుందట, చేసినవాళ్లకి పేర్లు రాసిన పత్రం కూడా ఇస్తారట. పేర్లిచ్చిన జంటల జాబితా అయ్యగారి చొక్కా జేబులో ఉంది. తెల్లచొక్కా, పలచటి గుడ్డ, మడిచిన కాయితం మీది నీలం సిరా మరకలా కనిపిస్తోంది, అక్షరాలు మాత్రం కనపడవు. అందులో తన పేరుందో లేదో అతనికి తెలియదు. ఉంటే రాసింది రెండు వరసల ముందు కిటికీ పక్కన కూర్చున్న మనిషి అయి ఉండాలి. అతని భార్య.

నిన్న సాయంత్రం హోటల్లో భోజనాల గదిలో టీ ఫ్లాస్కుల పక్కన పెట్టారా కాయితం. పెన్ను పోకుండా దానికో దారం కట్టి మేజా కాలికి ముడేశారు, భక్తుల మీద అంత నమ్మకం. రేపు ప్రమాణాలు చేసేవాళ్లు గీత మీద ఇద్దరి పేర్లూ రాయండి, బలవంతం ఏమీ లేదు, ఇష్టమైతేనే, అన్నారు అయ్యగారు. బలవంతం లేదనడంలోనే ఉంది తిరకాసు. బలవంతంగా రాయించి ఉంటే ఎంత సుఖంగా ఉండేది, గొర్రెల మందలో ఒకడిగా వెళ్లి నిలబడేవాడు. టీ కోసం ఒకసారి వెళ్లాడు, చక్కెర కోసం రెండోసారి వెళ్లాడు, అతను టీలో చక్కెర మానేసి నాలుగేళ్లవుతోంది. ఏడు గీతలు నిండి ఉన్నాయి, ఏడింట్లో తమది లేదు. ఎనిమిదో గీత మీద ఎవరో ఎంగిలి సాసరు పెట్టి వెళ్లారు. సాసరు పక్కకి జరిపితే తెలిసిపోయేది. రెండు వేళ్ల పని. జరపలేదు. చూసినవాళ్లు ఏమనుకుంటారని కాదు, చూసేవాళ్లెవరూ లేరక్కడ, అందరూ నదిలో దిగిన ఫోటోలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఉంటే ఒక భయం, లేకపోతే ఇంకో భయం, సాసరుంటే రెండూ లేవు. చక్కెర వేసిన టీ తాగలేక మొక్కల తొట్టిలో పోసి గదికి వెళ్లిపోయాడు.

గదిలో ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంచింది. క్రీమ్ రంగుది, శుభకార్యాలకి వేసుకునేది. దాన్ని చూసి రాసిందనుకున్నాడు. తర్వాత, ఆదివారం చర్చికి వెళ్లాలన్నా ఈమె ఆ చొక్కానే తీస్తుంది కదా, దీన్నిబట్టి ఏం తెలుస్తుంది అనుకున్నాడు. రాశావా అని ఒక్క మాట. మూడు అక్షరాలు. ఏడో తరగతిలో బడి మానేసినవాడు కూడా అనగలిగిన మాట. నోటిదాకా వచ్చి పళ్లకి తగిలి ఆగిపోయింది. ఆ ఇంట్లో అడగడం అనేది ఎప్పుడో పోయింది. ఆమె అడగదు, చెబుతుంది. వచ్చే వారం అక్కావాళ్లు వస్తున్నారు. గ్యాసు అయిపోయింది. పాస్‌పోర్టుకి ఫోటో దిగాలి, రేపు పదింటికి షాపు తాళం వేసి రండి. ఈ యాత్ర కూడా అట్లాగే వచ్చింది అతనికి, కరెంటు బిల్లు వచ్చినట్టు. వస్తారా అని కాదు, మీ పేరు ఇచ్చాను అని. అప్పుడు కాయితం మీద పేరు రాయడానికి ఈమెకి అతని అనుమతి అక్కర్లేకపోయింది మరి. నిన్న మాత్రం ఏమైంది, రాసే ఉంటుంది. రాసి ఉండదు. కీచు, కీచు. ఆ బేరింగుకి ఒక్క చుక్క నూనె పోసేవాడు లేడు ఈ పుణ్యభూమిలో.

"సమ్మతమే అనాలా తమ్ముడూ, అవును అనాలా?" పక్కసీట్లో పోస్టుమాస్టరు అడిగాడు. రిటైరై పద్నాలుగేళ్లయినా ఆ పేరు వదల్లేదు ఆయన్ని. ఈ ఎండలో కోటు వేసుకున్నాడు. నలభై నాలుగేళ్ల కాపురం, మూడో గీత ఆయనదే, చేతిరాత పోస్టాఫీసు ముద్రలాగా గుండ్రంగా ఉంటుంది.

"నాకేం తెలుసు, ఏదైనా ఒకటే."

"ఒకటెట్లా అవుతుంది? సమ్మతమే అంటే ఎవరో అడిగితే ఒప్పుకున్నట్టుంటుంది. అవునంటే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది."

వెనక వరస నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "ఏదో ఒకటి అనండి, కాస్త గట్టిగా అనండి. పోయినసారి గొణిగారు. మీరు ఒప్పుకున్నారో లేదో నాకు ఈనాటికీ అనుమానమే."

చుట్టుపక్కల నాలుగు సీట్లు నవ్వాయి. ముసలాయన కోటు గుండీ పెట్టుకుని, విప్పుకుని, "నువ్వూ ఇచ్చావుగా పేరు?" అన్నాడు.

"ఆవిడ ఇచ్చి ఉంటుంది."

"ఉంటుందేంటి? అడగలేదూ?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. రాళ్లు, రాళ్ల మధ్య గడ్డి, గడ్డి మధ్య మళ్లీ రాళ్లు. ఈ ముసలాయనకి ఉత్తరాలు ఇచ్చి ఇచ్చి ప్రతిదానికీ జవాబు ఉంటుందన్న నమ్మకం పాతుకుపోయింది. ముందు వరసలో భార్య తల కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది, పక్కన టీచరమ్మ, భర్త పోయిన మనిషి, ఏదో చెబుతోంది, ఈమె తలూపుతోంది. మెడ వెనక జుట్టు పలచబడింది. ఎప్పుడు పలచబడింది? వెనక కూర్చుంటే తప్ప కనపడని సంగతి. ఇంట్లో ఆమె వెనక కూర్చునే సందర్భం ఉండదు, ఎదురుగా కంచం, పక్కన టీవీ, అంతే. ఏడు రోజులుగా బస్సులో వెనకే కూర్చుంటున్నాడు, ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో అని మొదటిరోజే సర్దుకున్నారు, అది అతనికీ హాయిగానే ఉంది, ఈ రోజు దాకా.

ప్రమాణం మాటలు అతనికి కంఠతా వచ్చు. ఇరవై ఆరేళ్ల కింద చెప్పిన మాటలు. కాలరు బిగుతుగా ఉండి ఊపిరాడక, తొందరగా అయిపోతే చాలని గట్టిగా అరిచినట్టు చెప్పాడు, కలిమిలోను, లేమిలోను, వ్యాధిలోను, ఆరోగ్యంలోను. కలిమి రాలేదు గనక ఆ మాట తప్పే పనే పడలేదు. లేమిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు, ఎవరైనా అడగొచ్చు. ఆరోగ్యంలో ఎవరైనా ఉంటారు. మధ్యలో ఉందే ఆ మూడో మాట. ఈ రోజు మళ్లీ అనాలి, అందరిముందూ, ఆమె కళ్లల్లోకి చూస్తూ. అయ్యగారు చెప్పినట్టు చేతులు కూడా పట్టుకోవాలి. ఆ మాట దగ్గర ఆమె వేళ్లు ఏం చేస్తాయో అన్నదే అతని భయం. బిగిస్తుందా, వదిలేస్తుందా, కదలకుండా చచ్చిన చేపలా పడేస్తుందా. లేక అసలు పేరే రాయలేదా.

ఎనిమిదేళ్లయింది. గర్భసంచి తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్ రోజు పొద్దున్న ఆమెనీ వాళ్ల అక్కనీ ఆసుపత్రి గేటు దగ్గర దించాడు. షాపులో మోటారు ఉంది, ముప్పై హార్స్‌పవరుది, వాటర్ ట్యాంకువాళ్లది, అర్జెంటు, గంటలో వచ్చేస్తా అన్నాడు. ఆమె బండి దిగి చీర సర్దుకుని, "సరే, రండి" అంది. వెళ్లి షాపులో కూర్చుని మోటారు విప్పాడు. కాయిలు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్లు లెక్కపెట్టడం అతనికి ఊపిరి పీల్చడంలాంటిది, పక్కన బాంబు పడ్డా లెక్క తప్పడు. ఆ రోజు అరవై దాటగానే తప్పింది. విప్పాడు, మళ్లీ చుట్టాడు, నలభై దగ్గర తప్పింది. మూడోసారి లెక్కే పెట్టకుండా తీగ అయిపోయేదాకా చుట్టి, చుట్టింది చూసి, అట్లాగే కూర్చున్నాడు. గంటయింది. రెండయింది. మధ్యాహ్నం వాళ్ల అక్క ఫోన్ చేసి అంతా బాగానే జరిగింది, మత్తులో ఉంది, వస్తున్నావా అంది. వస్తున్నా అన్నాడు. మర్నాడూ అన్నాడు. నాలుగోరోజు ఇంటికి పంపించేటప్పుడు వెళ్లాడు, గేటు దాకా. ఆమె ఒక చేత్తో పొట్ట పట్టుకుని ఇంకో చేత్తో సంచీ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. సంచీ అందుకున్నాడు. "షాపు మూశారా" అంది. "ఆ" అన్నాడు. ఆమె అతన్ని అడిగిన చివరి ప్రశ్న అదే.

ఆసుపత్రి లోపలి వాసన అతను భరించలేడు. పదకొండేళ్లప్పుడు వరండాలో చెక్కబెంచీ మీద కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు, అమ్మ వచ్చేస్తుంది అని చెప్పి పోయారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. అందరూ అతని ముందునుంచే నడిచారు, అమ్మ ఇక రాదని అందరికీ తెలుసు, ఒక్కడూ చెప్పలేదు. మర్నాటి నుంచి బడి లేదు, మామయ్య షాపులో కాలిన తీగలు పీకే పని. ఈ సంగతి భార్యకి ఎప్పుడూ చెప్పలేదు. ముందు చెప్పి ఉంటే కారణం అయ్యేది. తర్వాత చెప్తే సాకు. సాకులు చెప్పి బతికే మగాళ్లని చర్చినిండా చూశాడు, ప్రార్థనలో ముందు వాళ్లే ఏడుస్తారు, గట్టిగా ఏడుస్తారు, బయటికొచ్చి దులుపుకుని పోతారు. అట్లా ఏడవడం రాదు గనకే అతన్ని అందరూ గట్టిమనిషి అంటారు. చేదుమనిషి అంటారు. అననీ.

మొన్న ఒక కోనేటి దగ్గరికి తీసుకెళ్లారు, ఇప్పుడు నీళ్లు లేవు, రాతిమెట్లు, గుంటలో గడ్డి. ముప్పై ఎనిమిదేళ్లు రోగంతో పడి ఉన్నవాడి కథ చెప్పారు అయ్యగారు. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినవాడికే నయమవుతుంది, దింపే మనిషి వాడికి లేడు, వాడు పాక్కుంటూ వెళ్లేలోపు ఇంకొకడు దిగిపోయేవాడు. అందరూ తలలూపారు. ఆమె ఊపలేదు. కింద రాళ్లవైపు చూస్తూ నిలబడింది. అతను స్తంభం నీడలోకి జరిగాడు, ఎండగా ఉందన్నట్టు. అంతకుముందు ప్రభువు బాప్తిస్మం పొందిన నది దగ్గరా అంతే, ఆమె తెల్లగౌను వేసుకుని చన్నీళ్లలో దిగి వణికింది, అతను ఆమె చెప్పులూ కళ్లజోడూ పట్టుకుని గట్టున నిలబడ్డాడు. మీరూ దిగండి బ్రదర్ అన్నారెవరో. జలుబు చేసిందన్నాడు. పైకొచ్చినప్పుడు ఆమె చెయ్యి చాపింది, పట్టుకోబోతే కళ్లజోడు తీసుకుంది.

ఆ పెళ్లికొడుకు ఏమయ్యాడో. నీళ్లు ద్రాక్షారసం అయిన పెళ్లిలో పెళ్లికొడుకు. బానల సంగతి అందరికీ తెలుసు, ఆరు రాతిబానలని లెక్కతో సహా తెలుసు, మోటారూ పైపూ లేని రోజుల్లో అన్ని బానలు అంచులదాకా నింపినవాళ్ల నడుములేమయ్యాయో ఎవరికీ పట్టలేదు, సరే. పెళ్లికూతురి పేరైనా ఎవరూ రాసిపెట్టలేదు. ఆ రోజు తర్వాత వాళ్లెట్లా కాపురం చేశారు? ఆమెకి జ్వరమొస్తే వాడు దగ్గర కూర్చున్నాడా, పొలానికి పోయాడా? అంత గొప్ప రసం తాగినవాడు కూడా పొలానికే పోయి ఉంటాడు. ఆ ఆలోచనకి అతనికి కాస్త ఊరట కలిగింది, కలిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

బస్సు ఎత్తు ఎక్కి ఆగిపోయింది. ముందర ఇంకో రెండు బస్సులు. ఇక్కణ్ణుంచి నడక అన్నారు. ఇరుకువీధి, రెండువైపులా సీసాలు అమ్మే షాపులు, ప్రతి షాపువాడూ తనదే అసలైన రసమంటాడు. ముందు ఆమె నడుస్తోంది, టీచరమ్మ చెయ్యి పట్టుకుని. నాలుగడుగులు గబగబా వేస్తే పక్కకి చేరొచ్చు. వేశాడు. చేరాడు. రాశావా అనడానికి నోరు తెరిచాడు. "రాళ్లు జారుతున్నాయి, చూసి నడవండి" అంది ఆమె, తల తిప్పకుండా. మూశాడు. చర్చి గుమ్మం దగ్గర ముందు గుంపు అయిపోయేదాకా నిలబెట్టారు. లోపల ఏదో తెలియని భాషలో ఆడా మగా కలిసి ఒకే మాట అన్నారు, చప్పట్లు వినపడ్డాయి, తర్వాత జంటలు జంటలుగా బయటికొచ్చారు, చేతుల్లో పత్రాలు, ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది, ఆమె మొగుడు ఫోన్ చూసుకుంటున్నాడు. అతని అరిచేతులు చెమటతో జిగటగా ఉన్నాయి. క్రీమ్ చొక్కాకి తుడుచుకోబోయి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

లోపల చల్లగా ఉంది. ఆమె ఎడమవైపు బెంచీ మీద కూర్చుంది, అతను నడవకి ఇవతల. అయ్యగారు జేబులోంచి కాయితం తీశారు, మడతలు విప్పారు, కళ్లజోడు వెతుక్కున్నారు, దొరకలేదు, దొరికింది. చదవడం మొదలుపెట్టారు. ఒకటి. రెండు. మూడోది పోస్టుమాస్టరు జంట, ఆయన గుండీలన్నీ పెట్టుకుని లేచాడు. నాలుగు, ఐదు, ఆరు. అతను పాదాలు దగ్గరికి లాక్కున్నాడు, లేవడానికి వీలుగా. ఏడు. ఎనిమిది, బేకరీ ఆయనా ఆయన భార్యా. తొమ్మిది, మైకు పట్టుకుంటే వదలని పెద్దమనిషీ, ఆయన భార్యా. అయ్యగారు కాయితం తిరగేసి చూశారు, వెనక ఏమీ లేదు, మడిచారు.

బతికిపోయాను అనుకోవాలి. అనుకోవడానికి ప్రయత్నించాడు కూడా. కుదరలేదు, లేవడానికి లాక్కున్న పాదాలు మళ్లీ ముందుకి జరిపి బెంచీల వైపు చూశాడు. బెంచీల మీద మిగిలినవాళ్లు టీచరమ్మ, ఇద్దరు విధవరాళ్లు, పెళ్లికాని ఒక నర్సు, తామిద్దరు. భర్త పోయినవాళ్లూ, భర్త లేనివాళ్లూ, ఆమె. ఆమె వాళ్లలో సరిగ్గా అమరిపోయి కూర్చుంది, చేతిసంచీ పక్కన పెట్టుకుని, చాలా ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్నట్టు.

ముందు తొమ్మిది జంటలు చేతులు పట్టుకున్నాయి. కలిమిలోను అన్నారు అయ్యగారు, కలిమిలోను అన్నారు అందరూ. పోస్టుమాస్టరు గొంతు అందరికంటే పైన వినిపించింది. లేమిలోను. అతను లేచాడు. నడవ దాటాడు. టీచరమ్మ అతన్ని చూసి ఏమీ అనకుండా అవతలికి జరిగింది. ఆమె పక్కన, సంచీకి ఇవతల, కూర్చున్నాడు. వ్యాధిలోను అన్నారు అందరూ.

"నువ్వు రాసుంటావనుకున్నా" అన్నాడు నెమ్మదిగా.

"కాయితం పెట్టింది ఇద్దరికీ కదండీ."

"నువ్వు రాసుంటే లేచేవాణ్ణి."

"తెలుసు. నలుగురూ చూస్తుంటే మీరెప్పుడూ లేస్తారు." గొంతులో కోపం లేదు. బియ్యం ఉన్నాయో లేవో చెప్పినట్టు చెప్పింది. "అందుకే రాయలేదు."

అతను ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు. పాత చెక్క, ఎవరెవరి చేతులో తగిలి నున్నగా ఉంది.

"ఆసుపత్రికి రాలేదు నేను."

"ఆ."

"మోటారు ఉందన్నా చూడు. అది అర్జెంటేం కాదు."

"తెలుసు. అప్పటికి రెండు వారాల నుంచి మీరు దానిమీదే కదా టీ గ్లాసు పెట్టుకునేది. క్యారియర్ తెచ్చినప్పుడల్లా చూసేదాన్ని."

ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లుగా అతను గోడకట్టి వెనక దాక్కున్నాననుకున్నది గాజుపలక. ఆమె అటువైపు నుంచి అన్నీ చూస్తూ అన్నం వడ్డించింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది. మరెందుకు రాలేదు అని ఇప్పుడు అడుగుతుందని ఎదురుచూశాడు. అడిగితే చెప్పేస్తాడు, వరండా, చెక్కబెంచీ, అందరూ ముందునుంచే నడిచి పోవడం, అన్నీ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. ఆమె అడగలేదు. ముందుకి చూస్తోంది. అప్పుడు తట్టింది, అడగడంలో ఆమె వంతు ఎప్పుడో అయిపోయింది, గేటు దగ్గర, సంచీ అందించినప్పుడు. వచ్చింది మింగేశాడు.

"నొప్పి బాగా వచ్చిందా?" అన్నాడు.

ఆమె అతనివైపు తిరిగింది. వెక్కిరిస్తున్నాడేమో అన్నట్టు మొహమంతా వెతికింది. ముందు జంటలు ప్రమాణం ముగించాయి, ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఆ రోజేం తెలియలేదు" అంది చివరికి. "మత్తు. రెండోరోజు నుంచి మొదలైంది. దగ్గొస్తే చచ్చేదాన్ని. అక్క దిండు తెచ్చి పొట్టమీద గట్టిగా అదిమి పట్టుకునేది, అప్పుడు దగ్గేదాన్ని."

"ఇంకా?"

"ఇంకా ఏముంది." ఇద్దరి మధ్యా ఉన్న చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "పక్క మంచం ఆవిడకి రోజూ సాయంత్రం వాళ్లాయన వచ్చి తల దువ్వేవాడు. చెయ్యి తిరగక ఎక్కడ పడితే అక్కడ పాపిట తీసేవాడు. ఆవిడ తిట్టేది. నేను అటు తిరిగి పడుకునేదాన్ని, అటు తిరిగితే కుట్లు లాగేవి. అయినా అటే తిరిగేదాన్ని."

బలిపీఠం దగ్గర్నుంచి అయ్యగారు అందరినీ పిలిచారు, పేర్లివ్వని వాళ్లు కూడా రండి, గ్రూపు ఫోటో, తొందరగా, వెనక ఇంకో బస్సు వచ్చేసింది. టీచరమ్మ లేచింది. నర్సు లేచింది. పోస్టుమాస్టరు అక్కణ్ణుంచే రమ్మని చెయ్యి ఊపాడు. అందరూ వెనక్కి తిరిగి బెంచీ మీద మిగిలిన ఇద్దరివైపే చూస్తున్నారు.

అతను లేవలేదు.

"ఎన్ని కుట్లు?" అన్నాడు.